ఐసీయూ పేషెంట్ల డైట్ సాఫ్ట్‌వేర్‌లో ప్రొపోఫాల్ కేలరీలు ఎలా కలపాలి?

అందరికీ నమస్కారం. నేను ఆసుపత్రిలో డైటీషియన్‌ని. డైట్ చార్టులు కాగితం మానేసి సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం మొదలై మూడు నెలలైంది. మామూలు వార్డుల్లో నిజంగా హాయిగా ఉంది. ఎలర్జీ ఉన్న పదార్థం ఆర్డర్‌లో పడితే వెంటనే ఎర్రగా చూపిస్తుంది.

చిక్కంతా ఐసీయూలోనే. వెంటిలేటర్ మీదున్నవాళ్లకి మత్తు కోసం ఇచ్చే ప్రొపోఫాల్ కొవ్వు ద్రావణంలో ఉంటుంది కదా, మిల్లీలీటరుకి 1.1 కిలోకేలరీలు. గంటకి 20 మి.లీ. చొప్పున రోజంతా నడిస్తే 528 కిలోకేలరీలు లోపలికి వెళ్లినట్టే. మా సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అది మందు, ఆహారం లెక్కలోకి రాదు. అందుకని ట్యూబ్ ఫీడ్ పూర్తి మోతాదే చూపిస్తోంది.

నిన్న ఒక పెద్దాయనకి చేత్తో లెక్కేసి ఫీడ్ తగ్గించాను. అలా తగ్గిస్తే ప్రొటీన్ కూడా తగ్గిపోతుంది, దాన్ని పౌడర్ రూపంలో విడిగా కలపాల్సి వచ్చింది. పైగా ప్రొపోఫాల్ స్పీడు రోజులో చాలాసార్లు మారుతుంది. నేను సెలవులో ఉంటే ఎవరు చూస్తారన్నదే టెన్షన్. ఇలాంటి పేషెంట్‌కి ఎక్కువైనా, తక్కువైనా నష్టమే.

మందుల చార్టు నుంచి గానీ, మందుని నిర్ణీత వేగంతో ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంప్ నుంచి గానీ ఈ అంకెలు నేరుగా డైట్ మాడ్యూల్‌లోకి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? హెచ్‌ఎల్7 (ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి) ద్వారా చేశారా, వేరే దారి ఉందా? గంటగంటకీ లెక్క మారాలా, లేక రోజు మొత్తానికి ఒక్కసారి సరిచేస్తే చాలా? ఐటీ వాళ్లని ఏమని అడగాలో కూడా కాస్త చెప్పండి. గ్లూకోజ్ ఉండే డెక్స్‌ట్రోజ్ సెలైన్‌ల కేలరీలదీ ఇదే సమస్య.