ఉజ్జీవ కూడికలో ఏడ్చి వచ్చినా మూడు వారాలకే పాత స్థితి: తేడా ఎక్కడ పడుతోంది?

కొత్త_తిత్తి (ప్రశ్న):
అందరికీ వందనాలు. ఉజ్జీవ కూడికల్లో, ఉపవాస ప్రార్థనల్లో యవనస్థులు నిజంగానే ఏడుస్తారు, చేతులెత్తి ఒప్పుకుంటారు. మూడు వారాలు తిరక్కుండానే అదే కోపం, అదే అబద్ధం, రాత్రిళ్లు అదే ఫోన్. అదంతా నటన అనడానికి మనసొప్పదు. అసలు మారుమనస్సు పొందడమంటే ఆచరణలో ఏమేం చేయాలి? దేవుని దగ్గర ఒప్పుకుంటే సరిపోతుందా, మనుషుల దగ్గరికీ వెళ్లాలా? "ప్రార్థన చేయండి, వాక్యం చదవండి" అనే మాట కాకుండా కాస్త వివరంగా చెప్పగలరా?

బెరయవాసి:
వందనాలు బ్రదర్. ముందు మాట దగ్గరే తేల్చుకుందాం. మన తెలుగు బైబిల్లో మత్తయి 27:3లో యేసును అప్పగించిన శిష్యుడు యూదా "పశ్చాత్తాపపడి" అని ఉంది. అదే సువార్త 4:17లో యేసు అడిగింది "మారుమనస్సు". గ్రీకులోనూ ఇవి రెండు వేర్వేరు మాటలు. యూదా బాధపడ్డాడు, డబ్బు తిరిగిచ్చాడు, "నిరపరాధ రక్తాన్ని అప్పగించాను" అని ఒప్పుకున్నాడు కూడా. కానీ ప్రభువు వైపు తిరగలేదు. పాత నిబంధనలో దీనికి వాడిన హెబ్రీ మాట 'షూబ్'కి అర్థం వెనక్కి తిరగడం. నడిచే దారి మారాలన్నమాట, నడుస్తూ ఏడవడం కాదు.

కన్నీళ్లతో కొలవకండి. పోగొట్టుకున్న దీవెన కోసం ఏశావు ఏడ్చాడని హెబ్రీయులకు 12:17లో ఉంది, ఫలితం లేదు. పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య ఏడ్చినట్టు లూకా ఎక్కడా రాయలేదు, యేసును సంతోషంతో చేర్చుకున్నాడని మాత్రం రాశాడు.

"పాపము చేసితిని" అనే మాట ఇశ్రాయేలు మొదటి రాజు సౌలూ అన్నాడు, ఆ తర్వాత రాజైన దావీదూ అన్నాడు. 1 సమూయేలు 15లో సౌలు మొదట జనానికి భయపడ్డానని సాకు చెప్పాడు, తర్వాత "అయినా పెద్దల ముందు నా పరువు నిలబెట్టు" అని ప్రవక్త సమూయేలును అడిగాడు. 2 సమూయేలు 12:13లో దావీదు ఆ ఒక్క మాట అని ఆగిపోయాడు. మన ఒప్పుకోలులో 'కానీ' ఎక్కడొస్తుందో చూసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది. ఇంకొకటి, "ప్రభువా, నా పాపాలన్నీ క్షమించు" అని మూటగట్టి చెప్పేస్తే ఏ ఒక్కదాని మీదా వేలు పడదు. "ఫలానా వాడి గురించి ఫలానా అబద్ధం చెప్పాను" అని పేరు పెట్టి చెప్పాలి.

రెండవ_మైలు:
మనుషుల దగ్గరికి వెళ్లాలా అన్నదానికి: పాపం ఎంతమేరకు తెలిసిందో ఒప్పుకోలు అంతమేరకే. మనసులో పెట్టుకున్న అసూయ దేవుని దగ్గరే తేలాలి. ఏమీ తెలియని మనిషిని పిలిచి "ఇన్నాళ్లూ నీ మీద కుళ్లుకున్నాను" అని చెబితే మన బరువు దింపి వాళ్ల నెత్తిన పెట్టినట్టే. నోటితో, చేతితో ఒకరికి నష్టం చేసి ఉంటే మాత్రం మత్తయి 5:23-24 ప్రకారం అర్పణ అక్కడే వదిలి ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి. పదిమంది ముందు నింద వేసి ఉంటే ఆ పదిమందికీ నిజం చెప్పాలి. బాధితుడి చెవిలో సారీ చెబితే నింద అలాగే తిరుగుతుంది.

డబ్బు విషయంలో లేవీయకాండము 6:1-7 లెక్క స్పష్టం. మోసం చేసి తీసుకున్నది మొత్తం, దాని మీద అయిదో వంతు. 10,000 తీసుకుంటే 12,000 ఇవ్వాలి, అదీ అపరాధ పరిహారార్థబలి తెచ్చే రోజునే, సొంతదారుడి చేతికి. ఇది తనంతట ఒప్పుకున్నవాడికి. పట్టుబడిన దొంగకు నిర్గమకాండము 22లో రెండింతలు, గొర్రెను అమ్మేసి ఉంటే నాలుగింతలు. జక్కయ్య తానే ఒప్పుకుంటూ కూడా నాలుగింతలు అన్నాడు చూడండి, తేలిక లెక్క వెతుక్కోలేదు. మనం ఆ ధర్మశాస్త్రం కింద లేము నిజమే, కానీ కృప కింద ఉన్నవాడు అసలు కూడా ఎగ్గొడతానంటే వినడానికే బాగోదు. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకింత అని ఎదుటివారితో ఒప్పుకుని రాసిపెట్టుకోండి. దొంగ డబ్బును కానుక పెట్టెలో వేస్తే తిరిగిచ్చినట్టు కాదు.

క్షమాపణ అడిగే మాట కూడా చెడిపోతుంటుంది. "నువ్వు బాధపడి ఉంటే క్షమించు" అంటే తప్పు ఎదుటివాళ్ల సున్నితత్వానిది అయిపోతుంది. "నీ గురించి అబద్ధం చెప్పాను. తప్పు నాది. చెప్పిన చోటే సరిచేస్తాను." అక్కడితో ఆగాలి. వెంటనే క్షమించమని ఒత్తిడి చేయకూడదు, 'నువ్వూ క్రైస్తవుడివే కదా' అనడం మరీ అన్యాయం.

జరిగింది నేరమైతే, ముఖ్యంగా పిల్లల మీద, ఆడవాళ్ల మీద దౌర్జన్యమైతే, పాస్టర్ గారి దగ్గర ఒప్పుకోవడం చట్టానికి బదులు కాదు. బాధితులను ఎదురుగా కూర్చోబెట్టి రాజీ చేయించకండి.

కొత్త_తిత్తి:
ధన్యవాదాలు అన్నా. ఇదంతా చేశాక కూడా మళ్లీ అదే పాపంలో పడితే? మొదటిసారి ఒప్పుకున్నది అబద్ధమే అనుకోవాలా?

వాక్యదీపం:
అలా అనుకోనక్కర్లేదు తమ్ముడూ. మత్తయి 12:43-45లో అపవిత్రాత్మ తిరిగొచ్చేసరికి ఇల్లు మురికిగా లేదు, ఊడ్చి అమర్చి ఉంది. అందులో ఎవరూ లేరు, అదే లోపం. అందుకే తనకంటే చెడ్డ ఆత్మలను ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది. ఎఫెసీయులకు 4:28 చదవండి: దొంగిలేవాడు దొంగతనం మానాలి, చేతులతో కష్టపడాలి, అక్కరలో ఉన్నవాడికి పెట్టాలి. మన కూడికల్లో మొదటిదానితోనే ఆమేన్ చెప్పేస్తాం. అబద్ధం మానాలనుకునేవాడు ఈ వారం ఎవరికి ఏ నిజం చెప్పాలో కూడా రాసుకోవాలి.

దారి మూయడం ఇంకో పని. రోమీయులకు 13:14 శరీరేచ్ఛల కోసం ముందస్తు ఏర్పాట్లు చేసుకోవద్దంటుంది. రాత్రిళ్లు ఫోనే సమస్య అయితే పడుకునే గదిలో అది ఉండకూడదు, అలారానికి వేరే గడియారం పెట్టుకోవాలి. అపొస్తలుల కార్యములు 19:19లో ఎఫెసువారు మంత్రవిద్య పుస్తకాలు తెచ్చి కాల్చేశారు, వెల 50,000 వెండి రూకలు. అమ్మి పేదలకు పంచుదామని ఎవరూ అనలేదు. ఇంకొకరి చేతికి వెళ్లకూడని వస్తువు మరి.

తర్వాత ఒక మనిషి. యాకోబు 5:16 ప్రకారం ఒప్పుకోవడానికి ఒక్కరు చాలు. నోరు జారనివారు, మనకంటే విశ్వాసంలో ముదిరినవారు, మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు. వారానికోసారి వాళ్లే అడగాలి, మనకు చెప్పాలనిపించినప్పుడు చెప్పడం కాదు. చెప్పాలనిపించే రోజు రాదు.

ప్రార్థనకు కీర్తన 51ని నాలుగు ముక్కలుగా వాడుకోవచ్చు: 1-2 కనికరం అడగడం, 3-6 తప్పు తనదని ఒప్పుకోవడం, 7-12 కడగమని, కొత్త మనసు పుట్టించమని వేడుకోవడం, 13-19 ఇతరుల కోసం, ఆరాధన కోసం. చాలామంది 6 దగ్గరే ఆగి రోజుల తరబడి తమను తాము తిట్టుకుంటారు. 12లో రక్షణానందాన్ని తిరిగి అడిగే హక్కు ఉందని మరిచిపోతారు.

ఒప్పుకున్నదాన్నే రోజూ ఒప్పుకుంటూ "క్షమించాడో లేదో" అని నలిగిపోయేవారికి వేరే మాట. పరిశుద్ధాత్మ గద్దింపు ఫలానా పని దగ్గర వేలు పెట్టి దారి చూపిస్తుంది. 'నువ్వు దేనికీ పనికిరావు' అని ఊరికే నొక్కేసేది ఆయన స్వరం కాదు. అలాంటప్పుడు 1 యోహాను 1:9 చదివి, ఆ పేజీ మూసి, పనిలోకి వెళ్లండి. నిద్ర, తిండి చెడితే డాక్టర్‌నూ కలవాలి, అందులో అవిశ్వాసం ఏమీ లేదు.

ఇక పడిపోవడం గురించి. 1517లో సంఘ సంస్కర్త లూథర్ రాసిన 95 సిద్ధాంతాల్లో మొదటిదే, విశ్వాసి బ్రతుకంతా మారుమనస్సుగా ఉండాలని. ఎఫెసు సంఘానికి ప్రకటన గ్రంథం 2:5లో యేసు చెప్పినవీ మూడే: జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, మొదటి క్రియలు చెయ్యి. మొదటి భావోద్వేగాన్ని తెచ్చుకో అనలేదు. కాబట్టి పడితే వచ్చే కూడిక దాకా ఆగొద్దు. ఆ రాత్రే పేరు పెట్టి ఒప్పుకుని, ఆ ఒక్క మనిషికి మెసేజ్ పెట్టి, ఏ తలుపు మూయడం మరిచావో చూసుకుని మూసెయ్యి తమ్ముడూ.