కేయూ (కాకతీయ యూనివర్సిటీ) పాలకమండలి మినిట్స్ (సమావేశాల రికార్డు) ఎట్లా తీసుకోవాలి? సిలబస్ వినతి ఎవరికియ్యాలి? ఒక లెక్చరర్ ప్రశ్న, వేర్వేరు మారుపేర్లతో వచ్చిన జవాబులు:

హన్మకొండ లెక్చరర్: కాకతీయ యూనివర్సిటీ అనుబంధ కాలేజీల్లో ఒక డిగ్రీ పేపర్ సిలబస్ మార్చాలని వినతిపత్రం రాస్తున్నాం. వీసీ గారికా, ఈసీకా (ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, అంటే పాలకమండలి)? ఈసీ పాత తీర్మానాలు చూసే వీలుందా?

పాత ఫైలు: సార్, సిలబస్ ఈసీ పని కాదు. 1991 యూనివర్సిటీల చట్టంలో పాలన, డబ్బు, నియామకాలు ఈసీవి, చదువు సంగతులు అకడమిక్ సెనేట్‌వి. సిలబస్ కదిలేది ఆ సబ్జెక్టు బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ చూసే కమిటీ) దగ్గర. కాగితం చైర్‌పర్సన్‌కు ఇచ్చి, ఒక కాపీ డీన్‌కు పెట్టండి. వీసీ పేరున ఇస్తే తిరిగి తిరిగి అక్కడికే వస్తది, ఈలోపు బోర్డు మీటింగ్ అయిపోతే మీ పని మళ్లీ ఏడాదికే. ఉత్తగ 'మార్చండి' అని రాయకండి. యూనిట్ వారీగా తీసేసేది ఒక వరుసలో, చేర్చేది పక్క వరుసలో రాసి, క్రెడిట్లు మారవని ఒక ముక్క చేర్చండి. అంతకుముందు అది ఉన్నత విద్యామండలి ఉమ్మడి సిలబస్‌లోని పేపరా కాదా చూసుకోండి. అదైతే బోర్డు చేతిలో ఉండేది తక్కువే.

ఆర్‌టీఐ కాగితం: ఈసీకి కార్యదర్శి రిజిస్ట్రారే. మినిట్స్ కోసం సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) కింద యూనివర్సిటీ పౌర సమాచార అధికారి పేరున పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో దరఖాస్తు పెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు. 'అన్ని మినిట్స్ ఇవ్వండి' అంటే పేజీల లెక్క చెప్పి సాగదీస్తారు. ఫలానా తేదీ సమావేశం ఎజెండా, మినిట్స్, యాక్షన్ టేకెన్ రిపోర్ట్ (తీర్మానాలపై తీసుకున్న చర్యల నివేదిక) అని విడివిడిగా అడగండి. అసలు ఏయే మండలి మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయో ఆ చట్టం సెక్షన్ 4(1)(బి) కింద అడగకముందే చెప్పాలి. ఆ సెక్షన్ రాయండి.

కేయూ క్రాస్‌రోడ్: మినిట్స్ చేతికొస్తే ముందు 'ర్యాటిఫికేషన్' (తర్వాత ఇచ్చే ఆమోదం) అంశాలు చదవండి. అత్యవసరమని వీసీ ముందే తీసుకున్న నిర్ణయాలు అక్కడే ఉంటాయి, వాటిమీద చర్చ జరిగేది అరుదు. ఈసీలో ఉన్నత విద్య, ఆర్థిక శాఖల అధికారులు పదవిరీత్యా ఉంటారు, మిగతావాళ్లను సర్కారే నామినేట్ చేస్తది. ఎన్నికై వచ్చేవాళ్లు లేరు గనుక అభ్యంతరం నమోదైందా అని వెతికినా దొరకడం కష్టమే.

హన్మకొండ లెక్చరర్: వీసీ లేనప్పుడు?

కేయూ క్రాస్‌రోడ్: 2024 మేలో రాష్ట్ర యూనివర్సిటీల వీసీల పదవీకాలం ముగిస్తే ఐఏఎస్‌లకు ఇన్‌చార్జి ఇచ్చారు, అక్టోబర్‌లో గానీ కొత్తవాళ్లు రాలేదు. ఇన్‌చార్జి హయాంలో రోజువారీ సంతకాలు నడుస్తాయి, నియామకాల వంటి పెద్ద ఫైళ్లు పక్కకు పడతాయి. మీ బోర్డు ఫైలు మాత్రం ఆగాల్సిన పనిలేదు.