పిలుపు ఒకటి, నెత్తిన పనులు పది. ఏది వదలాలి?

ఆవగింజ

అందరికీ వందనాలు. నేను సంఘంలో సండే స్కూల్ టీచర్‌ని. పిల్లలకి వాక్యం చెప్పడమే దేవుడు నాకు అప్పగించిన పని, అందులో నాకు అనుమానం లేదు. ఇబ్బంది ఏంటంటే ఆ పని తప్ప మిగతావన్నీ చక్కగా జరుగుతున్నాయి. ఆరాధన ఆన్‌లైన్‌లో లైవ్ పెట్టే తమ్ముడు పై చదువులకి వెళ్లిపోతే "కొన్నాళ్లు చూడమ్మా" అన్నారు, తర్వాత క్వయర్ ప్రాక్టీసు, ఆ తర్వాత స్త్రీల కూడిక లెక్కలు, ఇప్పుడు బిల్డింగ్ కమిటీ మినిట్స్. ఆ "కొన్నాళ్లు" ఒక్కటీ ముగియలేదు. మొన్న క్లాసులో జక్కయ్య కథ చెప్తుంటే ఒక బాబు "టీచర్, డబ్బులన్నీ తిరిగిచ్చేశాక జక్కయ్య ఏం పని చేసుకుని బతికాడు?" అని అడిగాడు. ఎంత మంచి ప్రశ్న! జవాబు చెప్పేలోపే లైవ్‌లో సౌండ్ రావట్లేదని కబురొచ్చింది, పరుగెత్తాను, తిరిగొచ్చేసరికి పిల్లలు వెళ్లిపోయారు.

ఇవన్నీ దేవుని పనులే కదా, కాదంటే తప్పేమో అని భయం. ఏది నా పిలుపు, ఏది ఉత్త అవసరం అని ఎలా తేల్చుకోవాలి?

తెల్లవారుజాము

సిస్టర్, ముందు ఆ భయం తీసెయ్యండి, యేసు ప్రభువే మంచి పనులు కొన్ని కాదన్నాడు. లూకా 12లో ఒకాయన వచ్చి, ఆస్తి పంచి ఇమ్మని మా అన్నదమ్ముడితో చెప్పు అంటాడు. తీర్పు చెప్పడానికి ఆయనకన్నా తగినవాడు ఎవరున్నారు? అయినా నన్ను మీ మీద తీర్పరిగా ఎవరు నియమించారు అని ఆ పంచాయితీ పక్కన పెట్టి, లోభం గురించి బోధించాడు. మార్కు 1 కూడా చూడండి. ముందురోజు సాయంత్రం కపెర్నహూములో రోగులతో ఊరు ఊరంతా గుమ్మం ముందే ఉంది, తెల్లారకముందే ఆయన వెళ్లి ప్రార్థనలో ఉన్నాడు, శిష్యుడు సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చి అందరూ నీకోసం చూస్తున్నారన్నారు. ఆయనేమో పక్క ఊళ్లకి వెళ్దాం పదండి, అక్కడా ప్రకటించాలి, నేను వచ్చింది అందుకే అన్నాడు. కపెర్నహూములో రోగులంతా అయిపోయారా? అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి ఉండిపోవాలి అనుకుంటే ఆయన ఆ ఊరు దాటేవాడే కాదు. జనం ఏమడుగుతున్నారో వినకముందే తండ్రితో మాట్లాడుకుని ఉన్నాడు, నాకు ముఖ్యంగా కనబడేది అదే.

పాతకాపు

పై బ్రదర్ చెప్పింది నిజమే, కానీ రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. "అది నా పిలుపు కాదు బ్రదర్" అనే మాట కుర్చీలు సర్దేటప్పుడు వినబడినంతగా మైకు చేతికిచ్చేటప్పుడు వినబడదు. పౌలు అంతటివాడు ఓడ బద్దలై మెలితే ద్వీపంలో పడ్డాక, చలికి వణుకుతూ పుల్లలేరి మంటలో వేశాడు (అపొస్తలుల కార్యములు 28). నేను అన్యజనులకి (యూదులు కానివాళ్లకి) అపొస్తలుణ్ణి, పుల్లలేరడం నా పరిచర్య కాదు అనలేదు. ఫిలిప్పు సంగతీ అంతే. 6వ అధ్యాయంలో విధవరాండ్రకి భోజనం సరిగ్గా అందేలా చూడడానికి ఏర్పరచుకున్న ఏడుగురిలో ఒకడు, 8వ అధ్యాయానికి సమరయలో సువార్త చెప్తున్నాడు, 21లో ఆయన పేరే సువార్తికుడైన ఫిలిప్పు. ఆ చిన్న పని ఆయన్ని ఆపలేదు.

అందుకని సిస్టర్, చేతికందిన పని చేసిపెట్టడం వేరు, దాని బాధ్యత మొత్తం నెత్తినేసుకోవడం వేరు. పౌలు పుల్లలేరాడే గానీ ఆ ద్వీపంలో కట్టెల డిపార్ట్‌మెంట్‌కి ఇన్‌ఛార్జ్ అవ్వలేదు కదా! కుర్చీలు సర్దండి, గిన్నెలు తోమండి, అవి అందరి పనులు. కానీ ప్రతి వారం క్లాసు మధ్యలో మిమ్మల్ని లేపేసే బాధ్యత ఏదైనా సరే, మీకు అప్పగించినదాన్ని తినేస్తోంది. దాన్ని వదలాల్సిందే.

లెక్కలపుస్తకం

వచనాలు చెప్పేశారు కాబట్టి నేను పని చెప్తాను, మా సంఘం ట్రెజరర్ బాధ్యత నాదే. పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి "నాకు కుదరదండీ" అని ఒట్టి మాట చెప్తే ఆయనకి ఇంకో టెన్షన్, మీకు ఇంకో ప్రసంగం. మనిషిని చూపించండి. యూత్‌లో ఫోన్ వదలని అబ్బాయిలు ఉంటారు, ఇద్దరిని పట్టుకోండి (ఒక్కడే అయితే వాడికి జ్వరం వచ్చిన ఆదివారం మళ్లీ మీరే), ఏ వైరు ఎక్కడ పెట్టాలో, మిక్సర్‌లో ఏది ఎంత ఉంచాలో, పాస్‌వర్డ్ ఏంటో కాగితం మీద రాసిచ్చి కొన్ని ఆదివారాలు వాళ్ల చేతే చేయించండి. తర్వాత సౌండ్ పోయినా మీరు క్లాసులోంచి లేవొద్దు. కామెంట్లలో గోల చేస్తారు, చేయనివ్వండి, వాళ్లు నేర్చుకునేది అప్పుడే.

లెక్కలు మాత్రం నోటిమాటగా ఇవ్వకండి. పుస్తకం, రసీదులు, చేతిలో ఉన్న నగదు ఇద్దరు పెద్దల ముందు లెక్కపెట్టి, సంతకాలు తీసుకుని అప్పగించండి. డబ్బు విషయంలో తర్వాత ఎవరైనా ఒక మాట అన్నారంటే మీ సాక్ష్యం, అంటే మంచి పేరు, పోతుంది. మినిట్స్ అయితే కమిటీలో ఎవరైనా రాయొచ్చు, అది మీ దగ్గరికి ఎందుకొచ్చిందో నాకర్థం కావట్లేదు.

ఆవగింజ

నా అక్షరాలు బాగుంటాయని ఇచ్చారు అన్నా 😅 పాతకాపు గారు చెప్పిన తేడా నాకు బాగా ఉపయోగపడింది. ఇంకొకటి అడగాలి. లైవ్ చేస్తే అందరూ బాగుందంటారు, పిల్లల క్లాసు ఎవరికీ కనబడదు. ఇంకో సంఘంలో ఒక సిస్టర్ పిల్లల వీడియోలు చేస్తే వేలమంది చూస్తున్నారు. దాంతో లైవ్ వదిలేయాలంటే మనసు లాగుతోంది. పాస్టర్ గారు బాధపడతారేమో అని కూడా ఉంది.

తెల్లవారుజాము

ఆ సిస్టర్ సంగతికి యోహాను 21 చదవండి. పేతురు వెనక్కి తిరిగి యోహానుని చూసి "ఇతని సంగతి ఏంటి ప్రభువా" అంటే, అతని సంగతి నీకెందుకు, నువ్వు నన్ను వెంబడించు అన్నాడు యేసు. అప్పటికి కాసేపటి ముందే గదా నా గొర్రెపిల్లలను మేపు అని పని అప్పగించింది! ఆవిడ వీడియోలు ఆవిడవి.

కాపరి ఒకడు

చివరి మాటకి నేను జవాబిస్తాను, నేనూ పాస్టర్‌నే. మేము పని చేసేవాళ్లకే మళ్లీ పని చెప్తాం, ఎందుకంటే అది మాకు తేలిక. కొత్తవాళ్లని తయారుచేయడం కష్టం. నిర్గమకాండము 18లో మామ యిత్రో చెప్పేదాకా పొద్దున్నుంచి సాయంత్రం దాకా తానొక్కడే తీర్పు తీరుస్తున్న సంగతి మోషేకే తప్పుగా తోచలేదు, మేమెంత? నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అని మామ మొహం మీదే చెప్పాడు. మీరు నవ్వుతూ "సరేనండి" అన్నంతకాలం మీకు భారంగా ఉందని మీ పాస్టర్ గారికి తెలిసే దారి లేదమ్మా. ఆదివారం ఆరాధన అయిన హడావిడిలో కాకుండా మామూలు రోజున వెళ్లండి, ఆ బాబు అడిగిన ప్రశ్న, మీరు లేచి వెళ్లాల్సి రావడం ఉన్నదున్నట్టు చెప్పండి. కాస్త బాధపడితే పడతారు. లైవ్‌కి మనిషిని వెతకాల్సిన పని ఆయనది కూడా.