మబ్బేసిన ఆకురాలు కాలంలో బయటికెళ్తే ఏం చూడాలి, ఎలా చూడాలి?

నడకరి:
ఆకులు సగానికి పైగా రాలిపోయాయి. రోజుల తరబడి ఎండ లేదు, ఒకటే ముసురు. రోజూ ఓ గంట నడవడానికి వీలుంది కానీ, అడవి బాటలో ఎటు చూసినా అంతా మట్టిరంగే. ఫోన్‌తో ఫొటో తీస్తే మరీ అన్యాయం: పైన తెల్లగా పాలిపోయిన ఆకాశం, కింద బొగ్గులాంటి చెట్లు. ఇలాంటి రోజుల్లో నిజంగా చూడదగ్గవి ఏమున్నాయి? ఏ వేళకి వెళ్తే మంచిది? "మనసు పెట్టి చూడండి" లాంటి సలహాలు వద్దండీ, పనికొచ్చే వివరాలు చెప్పండి. ఫోన్, 10 రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఉన్నాయి.

బెరడుచూపు:
ముందు ఆకాశం వైపు చూడటం మానేయండి. దూరపు దృశ్యాలు పేలవంగా ఉండటంలో మీ కళ్ల తప్పేం లేదు. దట్టంగా మబ్బేస్తే వెలుగు నలువైపుల నుంచీ వస్తుంది, గట్టి నీడలు పడవు, నీడ లేకపోతే దూరంలో ఉన్నవాటి లోతు తెలియదు. అదే వెలుగులో అరచేయంత జాగాను చూస్తే లెక్క తిరగబడుతుంది. ఎండ మచ్చలు, నల్లటి నీడలు అడ్డురావు కాబట్టి సన్న గీతలు, రంగుల్లో చిన్న చిన్న తేడాలు కూడా బయటపడతాయి.

ఇంకో సంగతి. పూర్తిగా మూసుకున్న ఆకాశం అంతటా ఒకేలా వెలగదు. నడినెత్తి భాగం దిగంతం కంటే సుమారు మూడింతలు ప్రకాశంగా ఉంటుంది. అంటే వెలుగు ఎక్కువగా పైనుంచే పడుతుంది. పైకి తిరిగి ఉన్నవే బాగా కనిపిస్తాయి: పడిపోయిన దుంగ వీపు, బండరాయి నెత్తి, నరికిన మొద్దు ముఖం. వాటి మీదికి వంగి చూడండి.

నాచుతో మొదలుపెట్టండి. దానికి నిజమైన వేళ్లు లేవు, నీళ్లు చాలావరకు ఆకులతోనే పీల్చుకుంటుంది. ఎండినప్పుడు ముడుచుకుని గోధుమరంగులో ఉన్నది, తుంపర పడ్డ కొన్ని నిమిషాల్లోనే విప్పారుతుంది. లైకెన్లు ఇంకా తమాషా. బెరడు మీదా రాళ్ల మీదా బూడిదరంగు మచ్చల్లా కనిపించేవి అవే. శిలీంధ్రం, శైవలం (ఆల్గే) కలిసి బతికే కాపురం. పొడిగా ఉంటే పై పొర లోపలిదాన్ని కప్పేస్తుంది, తడిస్తే ఆ పొర పారదర్శకమై లోపలి శైవలం ఆకుపచ్చ పైకి తేలుతుంది. పొడిగా ఉన్న మచ్చ మీద రెండు చుక్కలు నీళ్లు వేసి చూడండి, కళ్లముందే రంగు మారుతుంది. గీకడం మాత్రం వద్దు. రాతికి అతుక్కుని పెరిగే రకాలు చాలావరకు ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప.

భూతద్దం చెయ్యి చాచి పట్టుకోకండి, మసకగానే ఉంటుంది. కంటికి దాదాపు ఆనించి, తలనే వస్తువు దగ్గరికి తీసుకెళ్లాలి. 10 రెట్ల అద్దంలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో బొమ్మ స్పష్టమవుతుంది. పట్టుకున్న చేతిని చెంపకు ఆనిస్తే వణుకు తగ్గుతుంది. నాచు మీద సన్నటి కాడలు, వాటి చివర చిన్న గుళికలు కనిపిస్తాయి. మూత ఊడిన గుళిక కోసం వెతకండి. చాలా రకాల్లో దాని నోటి చుట్టూ పళ్ల వరుస ఉంటుంది, గాలిలో తేమ మారితే ఆ పళ్లు ముడుచుకుంటాయి, విచ్చుకుంటాయి. కొన్ని రకాల్లో మీ ఊపిరి తగిలినా కదులుతాయి.

నీడలెక్క:
ఫొటోల సంగతి నేను చెప్తాను. పైన బెరడుచూపు గారు చెప్పినట్టు ఆకాశాన్ని ఫ్రేములోంచి తీసేస్తే సగం జబ్బు నయం. చెట్టు మొత్తం రావాలన్న పట్టుదల వదిలేసి కాండం, కింది కొమ్మలు, నేల వరకే తీసుకోండి.

కెమెరా కంటి ముందున్నది నలుపైనా తెలుపైనా మధ్యస్థంగా చూపించాలని ప్రయత్నిస్తుంది. అందుకే తడిసిన నల్ల బెరడు బూడిదరంగులోకి, తెల్లటి పొగమంచు మురికి రంగులోకి దిగిపోతాయి. తెర మీద కావాల్సిన చోట వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును జరిపి వెలుగు మార్చుకోవచ్చు. నల్ల బెరడుకి 0.3 నుంచి 0.7 స్టాప్ తగ్గించండి (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం). పొగమంచుకి 0.7 నుంచి 1 స్టాప్ పెంచండి.

వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు; మబ్బు వెలుగు 6500–7500 కెల్విన్ ప్రాంతంలో, ఎండ కంటే నీలంగా ఉంటుంది. నేలంతా పసుపాకులు పరచుకుని ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని ఫోనే సరిదిద్దే ఏర్పాటు) ఆ పసుపునే లోపం అనుకుని చల్లార్చేస్తుంది, బొమ్మ చచ్చుగా వస్తుంది. కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునే వీలు) ఉంటే వైట్ బ్యాలెన్స్‌లో మబ్బు గుర్తు పెట్టి అలాగే ఉంచండి. పొగమంచుకి మాత్రం ఆ నీలం అలాగే ఉంటేనే బాగుంటుందని నా అభిప్రాయం.

తడి ఆకుల మీద కనిపించే తెల్లటి మెరుపు ఆకాశపు ప్రతిబింబమే. అది అడ్డుపడితే అసలు రంగు కనిపించదు. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు ఉంటే ఒక అద్దాన్ని ఫోన్ లెన్సు ముందు పెట్టి మెల్లగా తిప్పండి, ఒకచోట మెరుపు మాయమై రంగు బయటపడుతుంది. నీటి మీదైతే నీటితలానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. దీనికి 1 నుంచి 2 స్టాప్‌ల వెలుగు పోతుంది కాబట్టి చెట్టుకో రాయికో ఫోన్ ఆనించండి. మెరుపంతా తుడిచేయకండి, కాస్త మిగలకపోతే ఆకు తడిగా ఉన్నట్టే అనిపించదు. రంగులు పెంచే స్లైడర్ జోలికి పోకపోవడమే మేలు. నాచు ప్లాస్టిక్‌లా తయారవుతుంది.

నడకరి:
అద్భుతం, లైకెన్ మీద నీళ్లు వేసే పని ఇవాళే. ఇంకో సందేహం: సాలెగూళ్ల మీద ముత్యాల్లాంటి మంచు బిందువులు చూద్దామని పొద్దున్నే వెళ్తే గూళ్లన్నీ పొడిగానే ఉంటున్నాయి. ఎందుకని?

పొగమంచుతెర:
ఆ బిందువులు పడేది ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉన్న రాత్రుల్లో. నేల, గడ్డి, సాలెదారాలు తమ వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడతాయి, అప్పుడు తేమ వాటిమీద నీరుగా దిగుతుంది. మబ్బేసి ఉంటే పోయే వేడిలో చాలా భాగం తిరిగి కిందికే వస్తుంది. కాబట్టి రాత్రంతా మబ్బుంటే దానికోసం తెల్లవారుజామున లేవడం దండగ. తుంపర, పొగమంచు వల్ల కూడా గూళ్లు తడుస్తాయి, అలాంటప్పుడు మధ్యాహ్నం వెళ్లినా దొరుకుతాయి.

పొగమంచు కావాలంటే వాతావరణ సూచనలో మూడు చూడండి: రాత్రి ఆకాశం తేటగా ఉండాలి, గాలి బాగా తక్కువుండాలి, ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) తేడా 2 డిగ్రీల లోపు ఉండాలి. లోతట్టు జాగాల్లో, నీళ్ల పక్కన ముందు పడుతుంది. పొద్దెక్కాక పైకి లేచి మబ్బులా నిలబడిపోతుంది, మీరు చూస్తున్న బూడిదరంగు పగళ్లలో కొన్ని అలా పుట్టినవే. గూడు వెనక ముదురు పొద ఉండేలా, వెలుగు ఎక్కువున్న వైపుకి ముఖం పెట్టి నిలబడితే దారాలు కనిపిస్తాయి. వెలుగు వీపుకి ఉంటే పక్కనే ఉన్నా కనబడవు.

సాయంత్రం సంగతి ఎవరూ చెప్పలేదు. వెలుగు తగ్గేకొద్దీ కంటికి ఎరుపు ముందు నల్లబడుతుంది. ఆకుపచ్చ, నీలం ఇంకాసేపు నిలుస్తాయి. అందుకని ఎర్రాకులు ఉన్న బాటకి మధ్యాహ్నం వెళ్లండి, నాచు దుంగల బాటకి పొద్దుగూకే ముందు అరగంట. ఆ వేళ నాచు దానంతటదే వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి 20–30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఫోన్ తెర చూస్తే మళ్లీ మొదటికే.

రాలినాకు:
ఆకుల గురించి కొంచెం. పసుపు ఆకులో ముందునుంచీ ఉండేదే, పత్రహరితం విరిగిపోయాక బయటపడుతుంది. ఎరుపు అలా కాదు. చాలా చెట్లలో అది ఆ రోజుల్లోనే, ఎండకి తయారైన చక్కెరతో కొత్తగా పుడుతుంది. అందుకే మబ్బు ఎక్కువున్న ఏడాది ఎరుపు వెలవెలబోతుంది, పసుపు పెద్దగా తగ్గదు. బర్చ్, గింకో, లార్చ్ లాంటి పసుపు చెట్లని వెతుక్కోండి. లార్చ్ సూదాకుల చెట్టే అయినా ఆకులు రాల్చేస్తుంది, రాల్చే ముందు బంగారంలా అవుతుంది. ఎర్రాకులు మాత్రం రాలిన రోజే చూడాలి. ఆ రంగు నీళ్లలో కరుగుతుంది, రెండు వానలకి కొట్టుకుపోయి గోధుమరంగు మిగులుతుంది.

చిన్న బీచ్, ఓక్ చెట్లు ఎండిన ఆకుల్ని చలికాలమంతా వదలకుండా పట్టుకుంటాయి. అన్నీ మోడులైన చోట గలగల వినిపించేది వాటి దగ్గరే.

ముసురు పట్టాక రెండు మూడు రోజులకి కుళ్లిన దుంగల మీద పుట్టగొడుగులు చూడండి. విచ్చుకున్న గొడుగొకటి తెచ్చి, కాడ కోసేసి, సగం తెలుపు సగం నలుపు కాగితం మీద మడతలున్న వైపు కిందికి పెట్టి గ్లాసు బోర్లించండి. రాత్రంతా కదపకపోతే బీజాలు రాలి మడతల గీతలు అచ్చుపడతాయి. తెల్ల బీజాలు నల్ల సగం మీద, ముదురువి తెల్ల సగం మీద కనిపిస్తాయి కాబట్టే రెండు రంగుల కాగితం. అచ్చు రాకపోతే గొడుగు ముదిరి ఎండిపోయి ఉండాలి, లేదా ఇంకా లేతదై ఉండాలి. పైన ఒక్క చుక్క నీళ్లు వేసి మరోసారి పెట్టండి. ఈ అచ్చును బట్టి తినొచ్చా లేదా అన్నది తేల్చకండి, ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి. కొన్ని రక్షిత ప్రాంతాల్లో కోయడమే నిషేధం, ముందు కనుక్కోండి.

నీడలెక్క:
@నడకరి, ఒకటి మర్చిపోయాను. చలిలో తిరిగిన కెమెరానీ ఫోన్‌నీ నేరుగా వెచ్చటి గదిలోకి తెస్తే లెన్సు మీద, ఒక్కోసారి లోపల కూడా ఆవిరి పడుతుంది. బయట ఉండగానే గాలి చొరని జిప్ సంచిలో వేసి మూసేయండి, లోపలికొచ్చాక గంట ఆగి తీయండి. ఆ తడి అప్పుడు సంచి పైనే పడుతుంది, లెన్సు మీద కాదు. బ్యాటరీ చలికి త్వరగా దిగిపోతుంది, నడిచేటప్పుడు లోపలి జేబులో పెట్టుకోండి.