2000 కిలోన్యూటన్ల కంప్రెషన్ మెషీన్: పెట్టె విప్పడం, దింపడం, బిగించడం

క్యూబ్‌ల్యాబ్:
కాంక్రీట్ క్యూబుల్ని నొక్కి పగలగొట్టి బలం చూసే పరీక్షకి 2000 కిలోన్యూటన్ల (సుమారు 200 టన్నుల) కంప్రెషన్ టెస్టింగ్ మెషీన్ వస్తోంది. ఫ్రేము ఒక్కటే 950 కేజీలు, పంపు యూనిట్ వేరే పెట్టెలో. బేస్ 60 × 50 సెం.మీ. పైన రెండు ఐబోల్టులు (ఎత్తడానికి రింగు ఉన్న బోల్టులు), వాటి మధ్య దూరం 40 సెం.మీ. గది మొదటి అంతస్తులో ఇచ్చారు. కావాలంటే కింద స్టోర్ రూము ఖాళీ చేయించుకోవచ్చు. లోడ్ పెట్టినప్పుడు 200 టన్నులు నేల మీద పడుతుంది కదా, శ్లాబు ఆగుతుందా? కంపెనీ ఇంజనీరు వచ్చేలోపు మేం ఏం చేసుకోవచ్చు, ఏవి ముట్టుకోకూడదు?

స్లింగ్‌షాకిల్:
ముందు ఆ 200 టన్నుల సంగతి. అది నేల మీద పడదండీ. ర్యామ్ (ఆయిల్ ఒత్తిడితో క్యూబుని నొక్కే పిస్టన్) పైకి తోసే బలాన్ని ఫ్రేము నిలువు స్తంభాలైన కాలమ్‌లు పట్టుకుంటాయి, ఆ బలమంతా ఫ్రేము లోపలే తిరుగుతుంది. నేలకి తెలిసేది మెషీన్ బరువు, క్యూబు పగిలినప్పుడు వచ్చే కుదుపు, అంతే. అయినా బరువే తక్కువేం కాదు. 950 కేజీలు 0.3 చదరపు మీటర్ల మీద అంటే చదరపు మీటరుకు 3 టన్నులు దాటుతుంది. మామూలు ఆఫీసు శ్లాబులు చదరపు మీటరుకు 250 నుంచి 400 కేజీల లెక్కన డిజైన్ చేస్తారు. బరువు పక్కలకి పంచుకుంటుంది కాబట్టి రెండు అంకెల్నీ నేరుగా పోల్చలేం, అలాగని స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క చూడకుండా పైకి ఎక్కించొద్దు. స్టోర్ రూము దొరుకుతుంటే ఇంకో ఆలోచనే వద్దు.

ఇక లిఫ్టింగ్. స్లింగ్ (ఎత్తడానికి తగిలించే తాడు లేదా గొలుసు) ఎంత పొట్టిదైతే అంత ప్రమాదం. రెండు కాళ్ల స్లింగ్ నేలకి సమాంతరమైన గీతతో 60 డిగ్రీలు చేస్తే ఒక్కో కాలు మీద సుమారు 550 కేజీలు పడతాయి. 45 డిగ్రీలకి 670. 30 డిగ్రీలకి దిగితే ఒక్కో కాలూ మొత్తం 950 లాగుతుంది. మీ ఐబోల్టుల మధ్య 40 సెం.మీ. కాబట్టి ఒక్కో కాలు కనీసం 40 ఉంటేనే 60 డిగ్రీలు వస్తాయి. 80 పెట్టుకోండి, హాయిగా ఉంటుంది. ఐబోల్టు మీద గుద్దిన కెపాసిటీ నిటారుగా లాగినప్పటిది, వాలుగా లాగితే బాగా తగ్గిపోతుంది. ఐబోల్టు కాలర్ (రింగు కింద ఉండే అంచు) పూర్తిగా ఆనేదాకా బిగించండి. రింగు స్లింగ్ లాగే దిశలోనే తిరిగి ఉండాలి, అడ్డంగా ఉంటే వంగిపోతుంది. స్లింగ్‌ని గేజీకో, ఆయిల్ పైపుకో, సేఫ్టీ తలుపుకో తగలనివ్వొద్దు.

ప్యాకింగ్‌లిస్ట్:
లారీ దగ్గరే మొదలుపెట్టండి. పెట్టె మీద టిల్ట్, షాక్ స్టిక్కర్లు (పెట్టె వాలినా, గట్టి దెబ్బ తగిలినా రంగు మారేవి) ఉంటే రంగు చూసి ఫొటో తీయండి. మారి ఉంటే డెలివరీ రసీదు మీద రాశాకే సంతకం. తర్వాత చెబితే ఎవరూ వినరు.

ఇనప పట్టీలు కోసేటప్పుడు ఎదురుగా నిలబడొద్దు, కత్తిలా ఎగిరొస్తాయి. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. పైమూత ముందు, తర్వాత పక్క పలకలు. ఆఖరి పలకని ఒకరు పట్టుకుని ఉండాలి. గడ్డపార లోపలికి గుచ్చకండి, పలక అంచు దగ్గర మేకు లేచేంత చాలు. ప్యాలెట్‌కి బిగించిన బోల్టులు మాత్రం స్లింగ్ తగిలించి కాస్త బిగువొచ్చాకే విప్పాలి. ఈ ఫ్రేములకి బరువంతా పైనే. బోల్టులు తీసేసి ప్యాలెట్ ట్రక్ మీద గుమ్మం దాటించబోతే బోర్లాపడుతుంది.

చల్లటి చోటు నుంచి వచ్చిన పెట్టె అయితే ప్లాస్టిక్ కవరు రాత్రంతా అలాగే ఉంచండి. వెంటనే విప్పితే ప్లాటెన్ల (క్యూబుని మధ్యలో పెట్టి నొక్కే ఉక్కు పలకల) మీదా, ప్యానెల్ లోపలా చెమ్మ పడుతుంది. చిన్న సామాను సంచి పంపు క్యాబినెట్ లోపల కట్టి ఉంటుంది, చెక్కలు పారేసే ముందు లిస్టు చూసుకోండి.

క్యూబ్‌ల్యాబ్:
థాంక్యూ అండీ, కిందే పెట్టిస్తాం. కుదుపు తగ్గడానికి బేస్ కింద రబ్బరు షీటు వేయమంటున్నారు. ఆయిల్ పోసి మోటార్ ఒకసారి తిప్పి చూడొచ్చా?

ఆయిల్‌68:
రబ్బరు వద్దు. ఒక్కో మూల ఒక్కోలా అణిగి లెవల్ పోతుంది. ఉక్కు షిమ్‌లు (సందులో పెట్టే పల్చటి రేకులు) పెట్టి, కింది ప్లాటెన్ మీద రెండు దిక్కులా లెవల్ చూడాలి. మేస్త్రీ రసమట్టం దీనికి చాలదు, మీటరుకు 0.1 లేదా 0.2 మి.మీ. తేడా చూపించే మెషినిస్టు లెవల్ తెప్పించండి. గ్రౌట్ (బేస్ కింద పోసే సిమెంటు ముద్ద) గట్టిపడకముందే ఫౌండేషన్ బోల్టులు బలంగా బిగిస్తే బేస్ మెలి తిరుగుతుంది, కాలమ్‌లు వాలతాయి.

మోటార్ ఇంజనీరు ఉన్నప్పుడే తిప్పండి, వారంటీ గొడవ కూడా ఉండదు. మీరే తిప్పాల్సి వస్తే వరస ఇదీ. మాన్యువల్లో చెప్పిన గ్రేడ్ ఆయిలే, గేజ్ గ్లాసు గీత దాకా. ట్యాంకు మీది రవాణా ప్లగ్గు తీసి గాలి ప్లగ్గు పెట్టాలి. అది మరిచిపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి పంపు గోల పెడుతుంది. క్రాస్‌హెడ్ (ఫ్రేములో పైనుండే అడ్డ దిమ్మ) కింద పెట్టిన చెక్క దిమ్మలు, లాకింగ్ పట్టీలు అన్నీ తీశారో లేదో చూడండి. ఎర్తింగ్ ఇచ్చాక స్విచ్ ఒక్క క్షణం నొక్కి వదిలేసి, మోటార్ మీది బాణం గుర్తు వైపే తిరిగిందా చూడాలి. త్రీ ఫేజ్‌లో ఉల్టా తిరిగితే పవర్ ఆపేసి ఏవైనా రెండు ఫేజులు మార్చండి. ఉల్టా తిరుగుతున్న పంపుని ‘ప్రెషర్ రావట్లేదే’ అనుకుంటూ నడిపిస్తే లోపల ఆయిల్ అందక అరిగిపోతుంది. తర్వాత లోడ్ లేకుండా ర్యామ్‌ని నాలుగైదు సార్లు పైకీ కిందికీ నడిపితే గాలి పోతుంది. స్ట్రోక్ (ర్యామ్ కదిలే దూరం) చివరిదాకా వెళ్లనివ్వొద్దు, అక్కడ దాన్ని ఆపే లిమిట్ స్విచ్ పనిచేస్తోందని చేత్తో నొక్కి చూశాకే పైకి పంపాలి.

ప్లాటెన్ల మీద తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు కిరోసిన్ గుడ్డతో తుడిచేయండి. పైన బంతి సీటు ఉంటుంది చూశారా, దానికి పల్చగా ఇంజన్ ఆయిలే రాయాలి. గ్రీజు రాస్తే పూర్తి లోడ్‌లో కూడా ప్లాటెన్ తిరుగుతూనే ఉంటుంది, అప్పుడు క్యూబు ఒక పక్కకి పగిలి రీడింగు తక్కువొస్తుంది.

ప్యాకింగ్‌లిస్ట్:
ఇంకొకటి. ఫ్యాక్టరీ నుంచి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అని వెంటనే క్యూబులు పెట్టేయకండి. బిగించిన చోట ఐఎస్ఓ 7500-1 (టెస్టింగ్ మెషీన్ల లోడ్ కొలతకి అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం వెరిఫికేషన్ చేయించుకోండి. క్లాస్ 1 అంటే చూపే లోడ్‌లో తప్పు ±1 శాతం దాటకూడదు. రేపు విప్పి వేరే గదికి మార్చినా మళ్లీ చేయించాల్సిందే. అందుకే వెనక తలుపు తెరిచి సర్వీసు చేయడానికి మనిషి పట్టేంత జాగా ఇప్పుడే వదిలి గుర్తు పెట్టండి.