కంప్రెసర్ కాలిపోతోందా, కాలిపోయిందా?

ప్రశ్న (విశాఖ, ఎంవీపీ కాలనీ): పాల షాపుల్లో చిల్లర్ (పాలు చల్లబరిచే మిషన్) పక్కన అంటించడానికి తెలుగులో ఒక కాగితం తయారవుతోంది. ‘ఓవర్‌హీట్’ అన్నచోట “కంప్రెసర్ కాలిపోతే ఫోన్ చేయండి” అని రాశారు. అది చదివిన మెకానిక్ “కాలిపోయాక నేనొచ్చి ఏం చేస్తాను?” అన్నాడు. కాగడం, కాలడం, మాడడం... వీటిలో ఇక్కడ ఏది నప్పుతుంది?

తెలుగు మాస్టారు (సీతమ్మధార): తంటా అంతా ‘పోవు’తో వచ్చిందండీ. జరుగుతున్న పనికి చేరితే అది తీవ్రతను చెబుతుంది, జరిగిన పనికి చేరితే ముగింపును చెబుతుంది. ఆకలితో చచ్చిపోతున్నానంటే అన్నం పెడతారు, చచ్చిపోయాడంటే పాడె కడతారు. జ్వరం వచ్చిన పిల్లాడికి “ఒళ్లు కాలిపోతోంది” అంటాం, అక్కడ కాలినదేమీ లేదు. “మోటారు కాలిపోయింది” అంటే మాత్రం వైండింగ్ (లోపలి తీగ చుట్లు) పోయినట్టే. మన ఉత్తరాంధ్రలో ‘కాలిపోతన్నాది’, ‘కాలిపోనాది’ అని రెండూ విడివిడిగా పలుకుతాయి కాబట్టి నోటిమాటలో తికమక లేదు. ‘కాలిపోతే’ అనేసరికి ఆ తేడా చెరిగిపోతుంది. మీ మెకానిక్ అన్నది సబబే.

ఇక కాగడం ద్రవాలకు చెందిన మాట. పాలు కాగుతాయి, నూనె కాగుతుంది. కంప్రెసర్ లాంటి ఇనప డొక్కు కాగుతోందంటే చెవికి నప్పదు.

చిల్లర్ పనివారు (కంచరపాలెం): డొక్కులో నూనె ఉంది కదా మాస్టారూ, ఆ మాట అక్కడ బాగా అతుకుతుంది. పోపు పెట్టేటప్పుడు నూనె కాగాలి గానీ మాడకూడదు. కంప్రెసర్‌లోనూ అంతే. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో అంకెల్లో చెబుతాను.

కొలవాల్సింది డొక్కు మీద కాదు. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే డిశ్చార్జ్ పైపు మీద, వాల్వుకి 15 సెంటీమీటర్ల దూరంలో సెన్సర్ కట్టి, పైన ఇన్సులేషన్ చుట్టి కొలవాలి. మామూలు ఫ్రియాన్ గ్యాసు చిల్లర్‌లో అక్కడ 107 డిగ్రీల సెల్సియస్ దాటకూడదన్నది మాలో ఎప్పటినుంచో ఉన్న లెక్క. తయారీదారు కాగితంలో ఇంకా తక్కువ ఉంటే దాన్నే పాటించాలి. పైపు మీద 107 ఉందంటే లోపల వాల్వు దగ్గర ఇంకో 25 నుంచి 40 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. 150 దగ్గరికొచ్చేసరికి సిలిండర్ గోడల మీద నూనె పలచబడి నిలవదు. సుమారు 175లో నూనె మాడుతుంది, వాల్వు ప్లేటు మీద నల్లటి మసి గడుతుంది. అప్పుడు వాల్వు సరిగా మూసుకోదు, వేడి గ్యాసు వెనక్కి కారి మళ్లీ కుదింపుకొస్తుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

చేత్తో ముట్టుకుని “చెయ్యి కాలింది, కంప్రెసర్ పోయింది” అనడం దండగ. బాగా నడుస్తున్న మిషన్‌లో కూడా ఆ పైపు 70, 80 డిగ్రీలుంటుంది, చెయ్యి ఆనదు.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ): అది 107కి ఎందుకెక్కుతుంది?

చిల్లర్ పనివారు (కంచరపాలెం): మన ఊళ్లో మొదట చూడాల్సింది కండెన్సర్, అంటే గ్యాసు వేడిని బయటి గాలిలోకి వదిలే రెక్కల భాగం. ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడి రాలతాయి, వాటికి దుమ్ము పట్టుకుంటుంది, గాలి ఆడదు. ఆర్-134ఎ (ఒక రకం ఫ్రియాన్) చిల్లర్‌లో గేజీ మీద సక్షన్ (కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాసు పీడనం) 14, హెడ్ (బయటికెళ్లే గ్యాసు పీడనం) 154 పీఎస్ఐ ఉన్నాయనుకోండి. రెంటికీ వాతావరణ పీడనం 15 కలపాలి (చాలామంది ఇది మర్చిపోతారు). 169ని 29తో భాగిస్తే 5.8 వస్తుంది, అది కుదింపు నిష్పత్తి. కండెన్సర్ మూసుకుపోయి హెడ్ 202కి చేరితే అదే నిష్పత్తి దాదాపు 7.5. నిష్పత్తి పెరిగితే డిశ్చార్జ్ వేడి పెరిగి తీరుతుంది. రెక్కల్ని మంచినీళ్లతో, తక్కువ వత్తిడితో, లోపలి వైపు నుంచి బయటికి కడగాలి. ప్రెషర్ గన్ పెడితే రెక్కలు పడుకుంటాయి.

రెండోది గ్యాసు తగ్గడం. సక్షన్ పడిపోయి నిష్పత్తి పెరగడం ఒక ఎత్తు. మూసిన డొక్కులో మోటారుని చల్లబరిచేది కూడా తిరిగొచ్చే గ్యాసే, అది తగ్గడం ఇంకో ఎత్తు. సక్షన్ పైపుకి చెమట పడితే కంగారు పడక్కర్లేదు. పాల చిల్లర్‌లో మంచు డొక్కు దాకా పాకితే మాత్రం ద్రవం వెనక్కొస్తోందేమో చూడాలి. అది వేడి జబ్బు కాదు, వేరే జబ్బు.

ఇంకొకరు (ఫిషింగ్ హార్బర్ దగ్గర): ఈ 107ని ఐసు ఫ్యాక్టరీలకు పట్టుకురాకండి. అమ్మోనియా కంప్రెసర్‌లో డిశ్చార్జ్ 120 దాటడం మామూలే, అందుకే చాలావాటికి హెడ్ చుట్టూ నీళ్ల జాకెట్ ఉంటుంది.

తెలుగు మాస్టారు (సీతమ్మధార): మిషన్ ఆగిపోతే అది ‘కాలిపోతోంది’ దశలో ఆగిందా, ‘కాలిపోయింది’ దశలో ఆగిందా? తెలిసే దారుందా?

చిల్లర్ పనివారు (కంచరపాలెం): ఉంది. సింగిల్ ఫేజ్ డొక్కయితే కరెంటు తీసి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేసి, వైర్లు ఊడదీసి మీటరు పెట్టాలి. మూడు కాళ్లు: కామన్, రన్, స్టార్ట్. కామన్–రన్ 4 ఓమ్‌లు, కామన్–స్టార్ట్ 12 ఉంటే రన్–స్టార్ట్ 16 రావాలి. కామన్ నుంచి రెండు వైపులా ఏమీ రాకుండా, రన్–స్టార్ట్ మధ్య 16 వస్తే లోపలి ఓవర్‌లోడ్ (మరీ వేడెక్కితే కరెంటు ఆపే స్విచ్) తెరుచుకుందని అనుమానించాలి. అంటే వేడెక్కి ఆగింది, కాలలేదు. డొక్కు చల్లారడానికి గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. చల్లారాక కామన్ రీడింగ్ తిరిగొస్తే వేడికి కారణం సరిచేసి మళ్లీ నడపొచ్చు, రాకపోతే ఓవర్‌లోడ్ పోయినట్టే. రన్–స్టార్ట్ కూడా తెగినా, ఏ కాలి నుంచయినా బాడీకి రీడింగ్ వచ్చినా, అప్పుడు నిజంగా ‘కాలిపోనాది’. ఆ చల్లారేదాకా ఆగలేక మంచి కంప్రెసర్లని కోసి పారేస్తున్నారు.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ): అయితే ఇలా మారుస్తున్నాం: “కంప్రెసర్ మరీ వేడెక్కి ఆగిపోతే కండెన్సర్ ఫ్యాను కూడా ఆగిందా చూసి స్విచ్ కట్టేయండి. రెక్కలు మూసుకుపోయాయా చూసి ఫోన్ చేయండి. పైపును తాకరాదు.”

తెలుగు మాస్టారు (సీతమ్మధార): ‘తాకరాదు’ తీసేసి ‘పైపు ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది’ అని రాయండి. ‘కాలు’కి అక్కడ సరైన చోటు దొరికింది.