వాడిన మ్యాక్సీ స్కూటర్: రోజూ ఆఫీసుకీ, దూరప్రయాణాలకీ ఒకే బండి సరిపోతుందా?

ప్రయాణి77:
ఆఫీసుకి రానూపోనూ రోజుకి 64 కిలోమీటర్లు. సగం దూరం ఆగుతూ కదులుతూ సాగే ట్రాఫిక్, మిగతా సగం 90–100లో వెళ్లే హైవే. ఇది కాక ఏడాదికి నాలుగైదు సార్లు మా ఆవిడా నేనూ సామాను కట్టుకుని రెండు మూడు రోజులు తిరిగొస్తాం. ఇన్నాళ్లూ గేర్ల బైకే నడిపాను. కానీ క్లచ్ నొక్కీ నొక్కీ ఎడమ మణికట్టు సాయంత్రానికి లాగేస్తోంది, ఇంటికొచ్చి తలుపు గడియ తీసినా నొప్పే. అందుకే గేర్లు లేని మ్యాక్సీ స్కూటర్ (మామూలు స్కూటర్ కంటే పెద్ద ఇంజన్, పెద్ద సీటు ఉండేది) కోసం చూస్తున్నాను. కొత్తది కొనే స్తోమత లేదు.

రెండు బండ్లు నచ్చాయి. అమ్మేవాళ్లిద్దరూ దాదాపు ఒకే ధర చెబుతున్నారు. ఒకటి ఆరేళ్ల యమహా ఎక్స్‌మ్యాక్స్ 300, 31 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది పదమూడేళ్ల సుజుకీ బర్గ్‌మన్ 650, 42 వేలు. నా మనసు పెద్దదాని మీదే ఉంది. మా తమ్ముడేమో "స్కూటర్ మీద టూరింగ్ ఏంటన్నయ్యా, ఆ డబ్బుకి మంచి బైకే వస్తుంది కదా" అంటున్నాడు. మీరేమంటారు?

గేర్లబండి:
మీ తమ్ముడి మాటే నాదీ. చాలా స్కూటర్లలో ఇంజన్, బెల్ట్ బాక్స్ (గేర్ల బదులు ఇంజన్ శక్తిని వెనక్కి అందించే బెల్ట్ ఉండే డబ్బా), వెనక చక్రం అన్నీ ఒకే ముద్దగా కలిసి పైకీ కిందకీ ఊగుతాయి. అంత బరువు చక్రంతో పాటు కదిలేసరికి గుంటలో పడ్డ దెబ్బ నేరుగా నడుముకి తగులుతుంది. రోజూ ముప్పై కిలోమీటర్లకి తెలియదు, 300 కిలోమీటర్లు వెళ్లాక తెలుస్తుంది. పైగా మోకాళ్లతో పట్టుకోవడానికి ట్యాంకు ఉండదు.

అసలు భయం కొండ దిగేటప్పుడు. యాక్సిలరేటర్ వదిలేసి నెమ్మదిగా దిగుతుంటే ఒక స్పీడు కింద లోపలుండే ఆటోమేటిక్ క్లచ్ దానంతటదే విడిపోతుంది, ఇక ఇంజన్ బండిని పట్టి ఉంచదు. ఇద్దరు మనుషులు, సామాను, ఆ బరువంతా బ్రేకుల మీదే. పాత బండి అయితే బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో కూడా తెలియదు. బైక్ చైన్ అరిగితే కంటికి కనిపిస్తుంది. స్కూటర్ బెల్ట్ డబ్బాలో దాక్కుని ఉంటుంది.

బెల్ట్‌మార్చారా:
నేను తొమ్మిదేళ్లుగా ఒకదాని తర్వాత ఒకటి రెండు మ్యాక్సీలు నడిపాను, రెండూ సెకండ్ హ్యాండే. గేర్లబండి గారు చెప్పినవాటిలో సగం ఒప్పుకుంటాను. ఇంజన్ చక్రంతో పాటు ఊగడం అన్ని మ్యాక్సీల్లోనూ ఉండదు. 2001లో వచ్చిన యమహా టీమ్యాక్స్‌లో ఇంజన్ని బైక్‌లో లాగా ఫ్రేమ్‌కే బిగించారు. ఈయన చూస్తున్న 300కి మాత్రం ఆ మాట వర్తిస్తుంది. కొండ దిగే సంగతీ నిజమే. కానీ స్పీడు మరీ పడిపోకముందే కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి వదిలితే క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది. అది ఒక్క రోజులో అలవాటయ్యే పని. మణికట్టు నొప్పి మాత్రం బైక్ మీద అలవాటు కాదు, అందుకే ఆయన అడుగుతున్నారు.

ఇక చివరి మాట, డబ్బాలో దాక్కున్న బెల్ట్. వాడిన మ్యాక్సీ కొనేటప్పుడు ముఖ్యమైన ప్రశ్న అదే. ఇంజన్ వైపున్న పుల్లీలో (బెల్ట్ చుట్టుకుని తిరిగే రెండు పలకల చక్రం) రోలర్లు ఉంటాయి. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ అవి బయటికి జరిగి పుల్లీ పలకల్ని దగ్గరికి నొక్కుతాయి, బెల్ట్ పైకి ఎక్కుతుంది, గేరు మారినట్టే. బెల్ట్ పక్కలు అరిగి సన్నబడితే అది పూర్తిగా పైకి రాలేదు. అంతకుముందు వెళ్లిన స్పీడుకే ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది, టాప్ స్పీడు తగ్గుతుంది. రోజూ నడిపేవాళ్లకి ఇది మెల్లగా అలవాటైపోతుంది, అందుకే "బండి బాగుందండీ" అని మనస్ఫూర్తిగా చెబుతారు. చాలా మోడల్స్‌లో 20 వేల నుంచి 25 వేల కిలోమీటర్లకి బెల్ట్ మార్చాలి. ఎక్స్‌మ్యాక్స్ 300కి 20 వేలు. అప్పుడు మీటర్‌లో గుర్తు కూడా వెలుగుతుంది. ఆ గుర్తుని బటన్ నొక్కి రీసెట్ చేసేయొచ్చు, బెల్ట్ మార్చినా మార్చకపోయినా. కాబట్టి గుర్తు వెలగడం లేదని నమ్మకండి, బిల్లు అడగండి. బిల్లు లేకపోతే కవర్ విప్పించండి.

నా మొదటి బండికి ఈ పని చేయలేదు. ఇంటికి చాలా దూరంలో, మా అమ్మ వెనక కూర్చుని ఉండగా, హైవే మీద టప్ మని ఒక్క శబ్దం. ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. కవర్ విప్పితే బెల్ట్ పీచులు పీచులుగా క్లచ్ చుట్టూ చుట్టుకుని ఉంది. మూడు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాం. పక్కన లారీ వెళ్లిన ప్రతిసారీ అమ్మ నా చెయ్యి పట్టుకునేది.

పెద్దబండి650:
అందరూ బైక్ గురించో 300 గురించో చెబుతున్నారు కాబట్టి పెద్దదాని వైపు కూడా వినండి. నేను నడిపేది బర్గ్‌మన్ 650. ఇద్దరం, సామాను, ఎదురుగాలి, 110 స్పీడు. ఇంజన్ కష్టపడుతున్న సంగతే తెలియదు. 638 సీసీ, రెండు సిలిండర్లు. ముందు లారీని దాటాలంటే ముందుగా లెక్క వేసుకోనక్కర్లేదు. అదే బరువుతో 300 తీసుకెళ్తే వెళ్తుంది గానీ ఎత్తు మీద ఓవర్‌టేక్ చేయాలంటే టెన్షనే. నేను వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లే మనిషికి ఆ టెన్షన్ ఇవ్వను.

లోపాలు దాచను. ఆయిల్, పెట్రోల్ నిండా ఉంటే బరువు 277 కిలోలు. ఎక్స్‌మ్యాక్స్ దాదాపు 180. అంటే దాదాపు వంద కిలోల తేడా. బండి నడుస్తున్నప్పుడు ఆ తేడా మాయమవుతుంది, పార్కింగ్‌లో వెనక్కి తొయ్యాల్సి వస్తే తిరిగొస్తుంది. మైలేజీ నాకు లీటరుకి 20 దగ్గర. ఇందులో రోలర్లు ఉండవు, పుల్లీని చిన్న మోటారు కదుపుతుంది. అది బాగున్నంతకాలం హాయి. పాడైతే మామూలు మెకానిక్ చెయ్యి వెయ్యడు.

నాలుగేళ్లకోటైరు:
ఆ ఆఖరి రెండు వాక్యాలే ఈయనకి ముఖ్యం అంటాను. బర్గ్‌మన్ 650 ఇప్పుడు తయారు కావడం లేదు. పదమూడేళ్లకి 42 వేలంటే బండి ఎక్కువ కాలం నిలబడే ఉంది. రబ్బరు నిలబడ్డా ముసలిదవుతుంది. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి: 1419 అని ఉంటే 2019లో 14వ వారం. గాడి ఎంత లోతున్నా ఆ టైరు గట్టిపడి ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టదు. ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ పైపులు, ఫోర్క్ సీల్స్ (ముందు షాక్‌అబ్జార్బర్లలో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు), బ్రేక్ పైపులు అన్నిటిదీ అదే కథ. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చాలి, ఎవరూ మార్చరు.

ఏ బండికైనా ఇంకో మాట. ప్లాస్టిక్ ఎక్కువ ఉన్న బండి పడిపోతే బయట కొత్త ప్యానెల్ వేసి అమ్మేస్తారు. ప్యానెళ్ల మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉందో లేదో వేలితో తడిమి చూడండి. క్లిప్పులు విరిగి ఉంటే జిగురు కనిపిస్తుంది. డబుల్ స్టాండ్ వేసి ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. నడిమధ్యలో చిన్న గంటులో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయినట్టే. రెండో తాళం తప్పకుండా అడగండి, రిమోట్ తాళం బండ్లకి అది లేకపోతే పెద్ద ఖర్చు.

ప్రయాణి77:
ఆదివారం రెండూ మళ్లీ చూసొచ్చాను. మా ఆవిడని కూడా తీసుకెళ్లాను.

650 మీద కూర్చోగానే ఆవిడ "ఇదే కొందాం" అంది. సీటు సోఫాలా ఉంది, వీపుకి ఆనుడు కూడా ఉంది. ఓ పది కిలోమీటర్లు వెళ్లాం. పెద్దబండి650 గారు చెప్పినదంతా నిజం. తిరిగొచ్చాక మా అపార్ట్‌మెంట్ ర్యాంప్ గుర్తొచ్చి, వాళ్ల గేటు ముందున్న వాలు మీద ఇంజన్ ఆపి వెనక్కి తోశాను. రెండు అడుగులు వచ్చి ఆగిపోయింది. మణికట్టు కలుక్కుమంది. ఆవిడ ఏమీ అనలేదు, నా చేతి వంక చూసింది. ముందు టైరు మీద 0817 అని ఉంది.

300 ఆయన బెల్ట్ మార్పించానన్నాడు, బిల్లు లేదు. కవర్ విప్పుదామంటే మొదట ఒప్పుకోలేదు, తర్వాత మెకానిక్ని ఆయనే పిలిచాడు. లోపల నల్లటి పొడి పట్టి ఉంది. బెల్ట్ పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి. వంచి చూస్తే పళ్ల మధ్య సన్నటి పగుళ్లు. మెకానిక్ వెడల్పు కొలిచి, మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుకంటే తక్కువుందన్నాడు. రోలర్లలో రెండు ఒక పక్క చదునుగా అరిగిపోయాయి. అమ్మే ఆయన ముఖం పాలిపోయింది. నాకు అబద్ధం చెప్పాడని కోపం రాలేదు, ఆయన కూడా అదే బెల్ట్‌తో రోజూ పిల్లల్ని దింపుతున్నాడు. బెల్ట్, రోలర్లు, బ్రేక్ ఫ్లూయిడ్ ఖర్చు ధరలో తగ్గించుకుని తీసుకున్నాను. ప్యానెళ్లు, కోన్‌సెట్ బాగున్నాయి, రెండు తాళాలూ ఇచ్చాడు. సీటు కింద మా ఇద్దరి హెల్మెట్లూ పట్టాయి.

పెద్దబండి650:
నాకు బాధగానే ఉంది గానీ ఆ ర్యాంప్ ముందు నేను వాదించలేను. ఎత్తు మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

గేర్లబండి:
నేను ఇప్పటికీ బైకే అంటాను. కానీ కవర్ విప్పించారు చూడండి, అది నాకు నచ్చింది. మొదటిసారి కొండ దిగే ముందు ఒక్కరే ఖాళీ బండితో దిగి చూడండి, ఆ తర్వాత అక్కగారిని ఎక్కించుకోండి.